బయటున్న మూడు రోజులు

"కాళ్ళు ఊపద్దు మే, ఇంటికి దరిద్రం," అంది మా అత్త సుబ్బలక్ష్మమ్మ. చింతపండు గింజలు తీస్తూ, కుడికాలు చాపి పాదాన్ని ముందుకూ వెనక్కూ వంచుతున్నాను. ఆమె కంట్లో పడింది. కాలు ముడుచుకున్నాను.

అది ఊపడం కాదు, కర్నూలు ఆసుపత్రిలో నర్సు రాహేలమ్మ నేర్పిన కసరత్తు. దిగుడుబావి మెట్ల మీద ఒకసారి బెణికిన చీలమండ, అప్పటినుంచీ కడవ ఎత్తినప్పుడల్లా పక్కకు ఒరిగిపోతోంది. నేను పడ్డందుకు ఇంట్లో ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు. కడవలు పగలడం మొదలయ్యాకే మా ఆయన నరసన్న నన్ను బస్సెక్కించాడు. కర్నూలు రాజధాని అయ్యాక మా ఊరి మీదుగా బస్సు తిరుగుతోంది మరి.

రాహేలమ్మ నా పాదాన్ని చేతుల్లోకి తీసుకుంది. పెళ్ళయ్యాక నా కాలు ముట్టుకున్నవాళ్ళు లేరు. "ఎముక బాగానే ఉండాది తల్లీ, దాన్ని పట్టుకునే నరాలు సడలిపోయినాయి. పాదం వంచుతాండు. మునివేళ్ళ మీద లేచి దిగు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడు. చేస్తాంటే గట్టిపడతాది. చేయకపోతే జన్మంతా కుంటుతావు," అంది. మా ఆయన్ను చూసి, "కొన్నాళ్ళు నీళ్ళు మోయనీయొద్దప్పా," అంది. ఆయన తలూపాడు. బస్సులో మాత్రం, "ఆయమ్మకేం, చెప్తాది. నీళ్ళు ఎవురు మోస్తారు, ఆయమ్మ వచ్చి మోస్తాదా?" అన్నాడు.

ఇంట్లో ఎక్కడ చేయను? మామ ఎదుట కాలు చాపకూడదు. ఒంటికాలి మీద నిలబడితే, "తపస్సు చేస్తాండావా? వరాలు తర్వాత, ముందు సంగటి కెలుకు," అంటుంది అత్త. మునివేళ్ళ మీద లేస్తే అటక మీద ఏం దొంగిలిస్తున్నానో అని చూస్తుంది. చీకటితో లేచి పేడ ఎత్తి, నీళ్ళు మోసి, జొన్నలు విసిరి, చేనికి సంగటి పంపి, మళ్ళీ నీళ్ళు. వాళ్ళ పని చేయడానికే కదా నా కాలు, దాన్ని బాగుచేసుకోవడానికి వాళ్ళ దగ్గర ఒక గడియ లేదు.

దొరికింది బయటున్నప్పుడే. ఆ మూడు రోజులూ కొట్టం పక్క వసారాలో వేరే చాప, వేరే చెంబు. ఎవరూ దగ్గరకు రారు, ఏ పనీ చెప్పరు. నేను అక్కడ కాలు చాపుకున్నాను. మునివేళ్ళ మీద లేచాను. కొన్ని నెలలకు గోడ వదిలేసి ఒంటికాలి మీద నిలబడగలిగాను. ఆ రోజు ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మైలపడితే తప్ప నాకు ఈ ఇంట్లో మనిషి బతుకు లేదని తలచుకుంటే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నాలుగో రోజు తలస్నానం, మళ్ళీ బావి.

ఈ నెల రాలేదు. కడుపులో తిప్పుతోంది. పెళ్ళయినప్పటి నుంచీ అందరూ దీనికోసమే కాచుకుని ఉన్నారు. అత్త అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. నేనూ మొక్కుకున్నాను, అబద్ధమెందుకు. ఇక పురుడయ్యి, బిడ్డ పాలు మరిచేదాకా ఆ వసారా లేదు. కడుపుతో ఉన్నదాన్నని కడవ ఆగదు. నొప్పులొచ్చేదాకా మోసినానని అత్త ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. నిన్న నిండు కడవతో కాలు ఒరిగి, మెట్ల మీద కూలబడి ఏడ్చాను. బిడ్డ వస్తోందని తెలిసిన ఆడది సంతోషించాలి. నేను నా చీలమండ కోసం ఏడ్చాను.

ఈ పొద్దున అత్త పొయ్యి ముందు నుంచి, "ఏమ్మే, దినాలు దాటినట్టుండాదే?" అంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. అవునంటే చాలు, కొన్నాళ్ళయినా ఆ గొంతు నాకు దక్కుతుంది.

"లేదత్తా," అన్నాను. కడవ ముట్టుకోకుండా దూరంగా జరిగాను. "ఇప్పుడే బయట చేరినా."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "యాడ దొరికినావే మా కొంపకు, గొడ్డుదానా," అంది.

చాప తీసుకుని వసారాలోకి వెళ్ళాను. కడుపు కనబడేదాకా నేను గొడ్రాలినే.