గిరిలో మగ్గు

రూలింగ్ పెన్ను రెండు ఉక్కు ఆకుల మధ్య సిరా చుక్క కుదురుగా నిలబడ్డాక, కాంతమణి ఊపిరి బిగబట్టి గీత లాగింది. మొదట ఎంత లావో చివరా అంతే లావు. ట్రేసర్ పని అంతే. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన కల్వర్టు నక్షా మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, కింద కనిపించేదాన్ని పైన సిరాతో దింపాలి. కింద తప్పుంటే తప్పునే దింపాలి. సొంత బుర్ర వాడితే మెమో.

సికింద్రాబాదులోని ఆ ఇంజనీరింగ్ ఆఫీసులో ఆమె తండ్రి పేతురు ప్యూనుగా ఉండేవాడు. ఆయన డ్యూటీలోనే పోతే కూతురికి ఉద్యోగమిచ్చారు. బన్సీలాల్‌పేట్‌లో రెండు గదులు, మంచం దిగలేని తల్లి రోసమ్మ, ఆదివారం చర్చి. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంకేం లేదు, ఒక్క మగ్గు తప్ప.

ఆ మగ్గు ఆమె బల్ల పక్క కిటికీ గట్టు మీద ఉంటుంది. తెల్ల ఎనామెల్, నీలం అంచు, మూతి దగ్గర పెచ్చు లేచిన నల్ల మచ్చ. అడుగు చుట్టూ గట్టు మీద పెన్సిల్‌తో గిరి గీసి ఉంటుంది. ఊడ్చేవాళ్ళు జరిపినా మళ్ళీ ఆ గిరిలోనే, పట్టుకునే చెవి కుడివైపుకే పెట్టాలి. అందులో ఎవరూ నీళ్ళు తాగకూడదు.

గిరి గీసింది హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఆర్థర్ గారు. ఆయనది కాంతమణి వెళ్ళే చర్చే. ముందు బెంచీలో నిలబడి కీర్తన ఎత్తుకుంటాడు. ట్రేసర్లకు డ్రాఫ్ట్స్‌మన్ పోస్టులివ్వాలని యూనియన్ మొదటిసారి గొడవకు దిగినప్పుడు, ఆయన తన మగ్గే తెచ్చి ఆ కిటికీలో పెట్టాడు.

"దింపడం వేరమ్మాయ్, చూసి గీయడం వేరు. రోజూ మధ్యాహ్నం దీన్ని గీస్తూ ఉండు. మగ్గు వచ్చిన రోజున నీ పేరు నేనే పైకి పంపిస్తా."

అప్పుడు ఆమె జడలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఇప్పుడు నల్లవి వెతుక్కోవాలి.

మొదట్లో మగ్గు మూతిని గుండ్రంగా గీసేది, గుండ్రమని తెలుసు కనక. తెలిసింది కాదు, కనబడింది గీయమన్నాడాయన. కూర్చున్న చోటు నుంచి చూస్తే మూతి కోలగా ఉంటుంది. అడుగు అంచు అంతకన్నా కొంచెం ఎక్కువ వంపు తిరుగుతుంది. ఈ చిన్న సంగతి కంటికి చిక్కడానికే ఏళ్ళు పట్టింది. నీడ ఒట్టి నలుపు కాదని, గట్టు మీది వెలుతురు మగ్గు పొట్ట కిందికి పాకి వస్తుందని ఒక ముసురు రోజున తెలిసింది. చేతి జబ్బు మాత్రం మొండిది. ట్రేసర్ గీతకు సన్నబడటం తెలియదు. మగ్గు గీతేమో వెలుతురులో సన్నబడాలి, నీడలో బరువెక్కాలి. తీరా ఆ విద్య చేతికెక్కాక కల్వర్టుల గీతలు కూడా అక్కడక్కడా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాయి. మెమో సిద్ధమైంది. ఆర్థర్ గారే అడ్డుపడి ఆపించాడు. ఆ రాత్రి ఆమె ఆయన పేరు ఎత్తి ప్రార్థన చేసుకుంది.

అమోనియా కంపు కొట్టే చెడిపోయిన ప్రింటు కాగితాల వెనక గీసేది. ఆయన వచ్చి, బొమ్మలో మగ్గు చెవి దగ్గర ఎర్ర పెన్సిల్‌తో ఒక్క గీత కొట్టి, "ఇంకా రాలేదమ్మాయ్" అని వెళ్ళిపోయేవాడు. ఎక్కడ రాలేదో చెప్పేవాడు కాదు. లోపం తన కంటిలోనే ఉందనుకుని ఆమె ఇంకా కళ్ళు చికిలించి చూసేది. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కాకరకాయ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోతే, "కొంటవా, పెండ్లిచూపులు చూస్తున్నవా?" అని కూరగాయలామె కసిరేది.

ప్రింటు మిషన్ నడిపే జిలానీ యూనియన్ మనిషి. ఎప్పుడు సంతకాలు సేకరించినా ఆమె బల్ల దగ్గర ఆగేవాడు.

"జెర సంతకం పెట్టక్కా."

"నాకింక మగ్గే రాలే జిలానీ. ఏ మొఖం పెట్టుకొని అడగాలె?"

"మేబెల్‌కు మగ్గొచ్చిందా, బిందె వచ్చిందా? సంతకం పెట్టింది, పోస్టు కొట్టింది. ఆ మగ్గు రిటైరయ్యేదాంక నువ్వు గిట్లనే కూసుంటవ్."

పక్క సెక్షన్ మేబెల్ చేతికి సరళరేఖ కూడా సరిగా లొంగేది కాదు. అరిచి తెచ్చుకున్న పోస్టు అని కాంతమణి ఆమెను లోలోపల చిన్నచూపు చూసింది. నీలో ఏదో తక్కువైందని ఒక్కసారి నమ్మిస్తే చాలు, నీ నోటికి నువ్వే తాళం వేసుకుంటావు. తాళంచెవి కూడా నమ్మించినవాడికే ఇచ్చి వస్తావు.

ఆ రోజు ఆర్థర్ గారి రిటైర్మెంట్. మధ్యాహ్నం కాంతమణి సగం రొట్టె పక్కన పెట్టేసి గీయడానికి కూర్చుంది. నల్ల మచ్చ దగ్గర పెన్సిల్ ఒత్తింది, ఎండ తగిలే అంచు దగ్గర ఎత్తేసింది. అక్కడ గీతే లేదు, అయినా అంచు కనబడుతోంది. చేయి ఆపింది. వచ్చింది. ఒకరు చెప్పక్కర్లేదు, వచ్చింది.

అయినా చెప్పించుకోవాలని కాగితం పట్టుకుని వెళ్ళింది. సొరుగులు ఖాళీ చేస్తున్న ఆయన, మీటింగయ్యాక చూస్తాలే అన్నాడు.

సాయంత్రం దండ, శాలువా, మిక్చర్ పొట్లాలు. ఈయన సెక్షన్‌లో ఒక్కనాడూ పని ఆగలేదని పెద్దాఫీసరు మెచ్చుకున్నాడు. ఆర్థర్ గారు నవ్వుతూ లేచాడు.

"యూనియన్ గొడవలు ఎలా ఆపగలిగావని అందరూ అడుగుతుంటారు సార్. జీతాలు పెంచానా? లేదు. ఒక మగ్గు పెట్టాను, అంతే. మా కాంతమణి ఇవాళ్టికీ దాన్నే గీస్తోంది. మనిషికి ఏదో ఒకటి పని అప్పజెప్పాలండి, ఇక అడగడం గుర్తుండదు."

గది గొల్లున నవ్వింది. మేబెల్ కూడా నవ్వి, ఆనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జిలానీ తల దించుకున్నాడు. కాంతమణి పెదవులు అలవాటుకొద్దీ కాస్త విచ్చుకుని, అట్లాగే ఉండిపోయాయి. ఆమె ఆయన మొహం చూసింది. మగ్గును చూసినట్టు చూసింది. కింది పెదవి కింద చిన్న నీడ, కళ్ళ కొసల్లో ముడతలు, దండ తడి తగిలి మెరుస్తున్న మెడ. కుట్ర కోసం వెతికింది. లేదు. చవకలో పని గడుపుకున్న మనిషి తృప్తి మాత్రం ఉంది. ఆ చూపు ఆయన నేర్పిందే. కంటి నుంచి దాన్ని పీకి పారేయడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు.

మెట్ల దగ్గర ఆయన్ను ఆపింది.

"సార్, నా పేరు ఒక్కసారన్న పైకి పంపిన్రా?"

"దేనికమ్మాయ్?"

నటన కాదు. నిజంగానే ఆయనకు గుర్తులేదు. ఆమె చేతిలో కాగితం చూశాక ఏదో తోచినట్టు అందుకున్నాడు. జేబులో ఎర్ర పెన్సిల్ కోసం తడుముకున్నాడు, దొరకలేదు.

"బాగా వచ్చిందమ్మాయ్," అన్నాడు. కాగితం మడిచి మిక్చర్ పొట్లాంతో పాటు సంచిలో పడేసుకుని ఆటో ఎక్కాడు.

ఆమె పైకొచ్చింది. జిలానీ మిషన్ తుడుస్తున్నాడు.

"సంతకం పెడత. కాగితం తే."

అతను గుడ్డను చేతిలో నలిపాడు. "ఇప్పుడేం కాగితమక్కా. కంప్యూటర్లొస్తున్నయట. ట్రేసర్ పోస్టులే తీసేస్తున్నరు. వచ్చే నెల నుంచి నిన్ను రికార్డ్ రూంల కూసోబెడ్తరట."

కాంతమణి తలూపింది. రూలింగ్ పెన్ను కడిగి, ఆకులు తుడిచి, డబ్బాలో పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్ళి మగ్గును గిరిలోంచి తీసింది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని నిలబడే తాగింది. నీళ్ళు దుమ్ము వాసన, ఇనుము రుచి. టిఫిన్ సంచి భుజాన వేసుకుని, రోజూ వెళ్ళే బస్సుకే వెళ్ళిపోయింది.

గట్టు మీద గిరి ఖాళీగా ఉంది. దానికి బెత్తెడు దూరంలో మగ్గు, చెవి గోడవైపు తిరిగి, అడుగున తాగగా మిగిలిన గుక్కెడు నీళ్ళతో.