కారణం రాయాల్సిన గడి

సూరత్‌లోని మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కోర్సుల నమోదు ఆ రోజు సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. ఆ తరువాత ఏ కోర్సు పడితే ఏడాదంతా అదే. మార్చడం ఎవరి వల్లా కాదు. ఫారాలను కంప్యూటర్‌లో ఎక్కించే గుమస్తాను నేను.

నాలుగు దాటాక అల్మాజ్ మళ్లీ నా బల్ల ముందుకు వచ్చింది. ఇథియోపియా అమ్మాయి, పంతొమ్మిదేళ్లుంటాయి. పొద్దున పరిచయ సమావేశంలో హాస్టల్ నియమాలు చదువుతుంటే మిగతా వాళ్లంతా కునుకు తీశారు. ఈ పిల్ల ఒక్కతే రాసుకుంది. ఇప్పుడు ఆమె చేతిలోని ఫారంలో 'మరమగ్గాల నేత' అన్న మాటను ఎవరో ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'దుస్తుల డిజైన్' అని రాశారు.

"ఇది నా చేతిరాత కాదు," అంది ఇంగ్లీషులో.

ఎవరిదో నాకు తెలుసు. కోఆర్డినేటర్ జరీవాలా మేడంది. చెడ్డ మనిషి కాదు. ఆ పొద్దున ఎవరూ అడగకుండానే కొత్త పిల్లలందరికీ ఇంటి నుంచి థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు, చేసి తెచ్చింది. అందుకే ఆమెతో పోట్లాడటం కష్టం. అయినా ఫారం పట్టుకుని ఆమె గదికి వెళ్లాను.

"సోమలింగం కాకా, ఛోకరీ ఛే," అంది మేడం, ఆడపిల్ల కదా అన్నట్టు. మిగతాది హిందీలో చెప్పింది. "మగ్గాల షెడ్డులో ఆ మోత, ఆ నూనె జిడ్డు. అక్కడ ఇంతవరకూ ఒక్క అమ్మాయిని కూడా వేయలేదు. డిజైన్ క్లాసులో ఏసీ ఉంది. ఆమె మంచికే మార్చాను. ఎక్కించేయండి."

"రూలుందా మేడం?"

"రూలెందుకు? అలవాటు."

ఆ మాటే తిరిగొచ్చి అల్మాజ్‌కి చెప్పాను. నెమ్మదిగా విన్నది.

"మా ఊళ్లోనూ అలవాటే. మగవాళ్లు నేస్తారు, ఆడవాళ్లు నూలు వడుకుతారు. మగ్గం ముట్టుకున్నానని మా మామయ్య చేతి మీద కొట్టాడు. ఇంత దూరం వచ్చింది మళ్లీ ఆ మాట వినడానికి కాదు. నేను లేవను," అని కుర్చీలో కూర్చుంది.

మాదీ అదే అలవాటు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. సాంచ మగవాడిది, కండెలు చుట్టే పని ఆడదానిది. బి.ఏ. చదివి ఉద్యోగం దొరక్క నేను సూరత్ వచ్చి, ఒక సేఠ్ షెడ్డులో తొమ్మిదేళ్లు సాంచలు నడిపాను. నా భార్య నర్సవ్వ అదే షెడ్డులో కండెలు చుట్టేది.

ఫారం మీద యూనివర్సిటీ మగ్గాల షెడ్డు ఇన్‌చార్జి సంతకం కావాలి. ఆ ఇన్‌చార్జి పరుశురాం, నర్సవ్వ తమ్ముడు. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం నాకు కూర డబ్బా పంపుతాడు. అల్మాజ్‌ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లాను.

"ఏంది బావా, గీ పొల్లనా?" పరుశురాం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నీకు పని లేక నా నెత్తికి తెచ్చినవా?"

"సీటున్నదా, లేదా?"

"ఉన్నది. ఆడివిల్లకు లేదు."

"గదే రాసియ్యి."

"ఏం రాయాలె?"

కంప్యూటర్‌లో, విద్యార్థి అడిగిన కోర్సు ఇవ్వకపోతే కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. ఇన్నాళ్లూ ఆ గడిలో 'విద్యార్థి కోరిక మేరకు' అని నేనే టైపు చేసేవాణ్ని. తొమ్మిది మంది అమ్మాయిల పేర్ల దగ్గర అలా చేశాను.

"'ఆడివిల్ల కాబట్టి ఇయ్యలేదు' అని నీ చేతితోని రాసి సంతకం వెట్టు. కింద మేడం వెడ్తది. నేనైతే ఇగ అబద్ధం రాయ."

"గిదెక్కడి లొల్లి బావా! సాంచల జుట్టు చిక్కుకుంటే ఎవడు జవాబు జెప్పాలె?"

"మీ అక్క జుట్టు చిక్కుకున్నదా?"

ఒకప్పుడు నాకు మలేరియా వస్తే, ఇరవై రోజులు నా నాలుగు సాంచలూ నర్సవ్వే నడిపింది. పక్క సాంచల మీద ఉన్నది పరుశురామే. ఆమె నేసిన తానుల మీద నా పేరే పడింది. ఆ నెల బట్ట బాగా దిగిందని సేఠ్ నన్ను మెచ్చుకుంటే, నవ్వి ఊరుకున్నాను.

"అది గతి లేక గదా," అన్నాడు మెల్లగా.

"కాదు. ఇంకో నెల నడుపుత అన్నది. నేనే వద్దన్న. నువ్వు నవ్వినవు."

మా మాటలేవీ అర్థం కాని అల్మాజ్, మగ్గం పక్కన వంగి పోగులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూస్తోంది. పరుశురాం ఆమె దగ్గరికి నడిచాడు.

"చున్నీ వద్దు. జుట్టు గట్టిగ ముడెయ్యాలె. షటిల్ ఎగిరి తగిల్తే నా కాడ ఏడ్వద్దు. చెప్పు గా పొల్లకు."

చెప్పాను.

"ఏడుస్తాను," అంది అల్మాజ్. "ఏడుస్తూనే నేస్తాను."

అది నేను తెలుగులో చెప్పగానే పరుశురాంకి నవ్వొచ్చింది. "నోరు బాగనే ఉన్నది," అంటూ సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చేసరికి అయిదుకు పావు తక్కువ. జరీవాలా మేడం నా కుర్చీ వెనకే నిలబడింది.

"కాకా, మార్చిలో మీ కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదికే వస్తుంది."

"రానివ్వండి మేడం. తీసేస్తే ఎందుకు తీసేశారో అందులో రాయండి. ఈ ఫారంలోనూ ఎందుకు మార్చారో ఇప్పుడే రాయండి, మీరు చెప్పినట్టే ఎక్కిస్తాను."

ఎర్ర పెన్ను ఆమె చేతిలోనే ఉంది. మేడం పెన్నుకు మూత పెట్టి వెళ్లిపోయింది. ఫారం లాక్కోలేదు. లాక్కుని ఉంటే నేనేం చేయగలిగేవాణ్ని?

మరమగ్గాల నేత. నొక్కాను. ప్రింటర్‌లోంచి కాగితం బయటికి రాగానే అల్మాజ్ దాన్ని రెండుసార్లు చదివి, వరుసలో ఉన్న మిగతా అమ్మాయిలకు ఎత్తి చూపించింది.

నేపాల్ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ముందుకు వచ్చారు. వాళ్ల ఫారాల మీదా ఎర్ర సిరా.

"మావీ మార్చొచ్చా అంకుల్?"

పదకొండు నిమిషాలున్నాయి. నా కుర్చీ కూడా వాళ్ల వైపు జరిపి, నేను నిలబడి వాళ్ల పేర్లు టైపు చేస్తూ పరుశురాంకి ఫోన్ చేశాను.

"ఇంకిద్దరున్నరు. ఉరికి రా."

"నన్ను సంపుతవా బావా!" అన్నాడు. అంటూనే పరిగెత్తుతున్నట్టు ఫోన్‌లో అడుగుల చప్పుడు వినిపించింది.