దించని చెయ్యి

రోజూ తొమ్మిదిన్నరకల్లా అయస్కాంతాల బల్ల సర్దెయ్యాలి. ఇనుప రజను డబ్బాలు ఒక పక్క, మేకులూ నట్లూ ఇంకో పక్క, మధ్యలో అట్టముక్కలు. పిల్లల సైన్సు కేంద్రంలో ఆ అమ్మాయికి అప్పగించిన పని అది. ఫిజిక్స్ డిగ్రీ చివరి ఏడాది పరీక్షలయ్యాక ఆరు వారాల ఇంటర్న్‌షిప్. బాగా చేసిందని కేంద్రం నడిపే మేడమ్ ఒక్క ఉత్తరం రాసిస్తే చాలు, దూరపు ఊళ్లో పెద్ద ల్యాబ్‌లో చోటు ఖాయం. పిల్లలు మాత్రం ఆమెకి అయస్కాంతం అక్క అని పేరు పెట్టేశారు.

రెండో వారంలో ఒకరోజు పిల్లల వెనక కుర్చీలో మేడమ్ కూర్చుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, అమ్మాయి పాఠం ఎలా చెబుతోందో చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో పిచ్చుక చెయ్యెత్తింది. ఎనిమిదేళ్లది, పిట్టంత మనిషి, అందుకని అందరూ పిచ్చుకనేవారు. ముందురోజు అది అడిగినదానికి అమ్మాయి నీళ్లు నమిలింది. మేడమ్ ముందు మళ్లీ పరువు పోతుందని, ఇప్పుడు చూసి కూడా చూడనట్టు గోడమీది చార్టు వైపు తిరిగింది. గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు.

మర్నాడు పిచ్చుక ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వచ్చింది.

"నిన్నట్నుంచి దిగట్లేదమ్మా," అంది వాళ్లమ్మ, గొడుగు మర్చిపోయానన్నంత మామూలుగా. తొడగడానికి వీలుగా గౌను కుడి పక్క కుట్టు విప్పి గుండీలు పెట్టి తీసుకొచ్చింది. "మీకు తీరికైనప్పుడు అడుగుతుందిలెండి. తొందరేం లేదు."

మేడమ్ గుమ్మం దగ్గర వేలాడే గ్రహాల బొమ్మల్ని చేతికి తగలకుండా ఇంకాస్త పైకి కట్టించారు. అమ్మాయిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

"అడుగు నాన్నా, ఏంటి నీ ప్రశ్న?" అంది అమ్మాయి, పిచ్చుక ముందు మోకాళ్లమీద కూర్చుని.

అది చాలాసేపు ఆలోచించింది. "మర్చిపోయానక్కా."

అమ్మాయి అదే పాఠం, అవే మేకులతో, అదే వరసలో మళ్లీ చెప్పింది. నాలుగు వారాలూ చెప్పింది. చెయ్యి కదల్లేదు. ఈలోగా పిచ్చుక ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చింది, పెన్సిలు పట్టడం నేర్చింది. మొదట్లో అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోయేవి. తర్వాత్తర్వాత కుదురుకున్నాయి. అవి కుదురుకునే కొద్దీ అమ్మాయికి అన్నం సయించేది కాదు.

ఆఖరి రోజు మేడమ్ కవరు చేతిలో పెట్టారు. "చాలా బాగా రాశాను," అన్నారు. అమ్మాయికి తలెత్తబుద్ధి కాలేదు. బయట మెట్లమీద కూర్చుని పిచ్చుక తన అమ్మ కోసం చూస్తోంది. అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది.

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తడం నేను చూశాను. నాకు రానిది అడుగుతావేమోనని, చూడనట్టు నటించాను."

"తెలుసు," అంది పిచ్చుక. "నన్ను చూశాకే కదక్కా గోడవైపు తిరిగావు."

ఆ మాట అంటూనే దాని మొహం విప్పారింది. "గుర్తొచ్చింది! ఫ్రిజ్ మీద అయస్కాంతం రోజంతా కాగితం పట్టుకునే ఉంటుంది కదా, దానికి అలుపు రాదా?"

అమ్మాయి నోటిదాకా పుస్తకంలో చదివిన రెండు ముక్కలొచ్చాయి. మింగేసింది.

"నాకు తెలీదు నాన్నా. చూద్దాం."

చెయ్యి దిగింది. ముందు వేళ్లు ముడుచుకున్నాయి, తర్వాత మోచెయ్యి వంగింది, చివరికి ఒళ్లో వాలింది. "తిమ్మిరెక్కింది," అని పిచ్చుక నవ్వింది.

అయస్కాంతాన్ని వేలాడదీసి, దానికింద ఎన్ని నట్లు నిలుస్తాయో ప్రతి శనివారం లెక్కపెడదామని ఇద్దరూ మేడమ్‌కి చెప్పారు.

"ఎన్నాళ్లు?" అన్నారావిడ. "ఎవరు చూస్తారు?"

"ఎన్నాళ్లో తెలీదు మేడమ్. నేనే చూస్తాను."

ఆ ఉత్తరం పట్టుకెళ్లి సోమవారం చేరాల్సిన ల్యాబ్‌కి రాలేనని ఫోన్ చేసింది. వాళ్ల నాన్న, "నీకేమన్నా మతిపోయిందా?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. మేడమ్ ఆ బల్ల దగ్గరే ఆమెకి ఉద్యోగం ఇచ్చారు.

మూడో శనివారం పదహారు నట్లు నిలిచాయి, పదిహేడోది పడిపోయింది. పిచ్చుక గళ్లు గీసి అంకె వేసింది, ఎడమచేత్తో.

"చెయ్యి బాగైందిగా. ఇంక కుడిచేత్తో రాయి."

"ఇదే అలవాటైపోయిందక్కా."

నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా బాగుండేదనిపించింది అమ్మాయికి.