బజ్జి అన్న అడిగిన ప్రశ్న

టెలిగ్రామ్‌లో "డిప్ బ్యాచ్" అనే గ్రూపు ఉండేది. అమెరికాలో తలో ఊళ్ళో ఉంటూ క్రిప్టోలో ఎంతో కొంత పెట్టిన తెలుగువాళ్ళు అందులో చేరి కబుర్లు చెప్పుకునేవారు. డిప్‌లో, అంటే ధర పడినప్పుడు, భయపడకుండా కొనేవాళ్ళం కాబట్టి ఆ పేరు పెట్టుకున్నామనేవారు. నిజానికి పడినప్పుడు అందరూ భయపడేవారు. భయపడుతూనే జోకులేసేవారు.

అందరికన్నా బాగా జోకులేసేది మిరపకాయ బజ్జి ఫోటో పెట్టుకున్న మనిషి. పేరు కూడా బజ్జి అనే. పొద్దున్నే ఎవరో ఒకరు ఒక వార్త పడేసేవారు. సుంకాలో, వడ్డీ రేట్లో, ఏదో కంపెనీ జనాన్ని తీసేయడమో. దాని కింద బజ్జి అన్న ఏమన్నాడా అని మిగతావాళ్ళు వెతుక్కునేవారు.

"ఫెడ్ వాళ్ళు వడ్డీ తగ్గించారా?" అని ఒకసారి ఎవరో అడిగారు.

"తగ్గిస్తామని చెప్పడం పెంచారు" అని బజ్జి.

"టారిఫ్‌లు నిన్న వేశారు, ఇవాళ తీసేశారు. మా ఆవిడ వంటింటి రూల్స్‌లా ఉన్నాయి" అన్నాడు ఇంకొకతను.

"వంటింటి రూల్స్ ఎప్పుడూ మారలేదు బాబూ. నువ్వే ఎప్పుడూ లోపలికి రాలేదు" అని బజ్జి.

ఆ బజ్జి అన్న అసలు పేరు రాధారాణి. యాభై దాటిన మనిషి. చిలకలూరిపేటలో పుట్టింది. భర్త రఘుతో బెంటన్‌విల్ వచ్చి చాలా ఏళ్ళయింది. అతను ఊళ్ళో ఉన్న పెద్ద రిటైల్ కంపెనీలో కాంట్రాక్టరు. ఆమె వర్క్ పర్మిట్ వచ్చాక ఒక డేకేర్‌లో చేరింది. ఆ జీతంలోంచే కోవిడ్ రోజుల్లో కొంచెం బిట్‌కాయిన్ కొంది. తర్వాత ఇంకొన్ని కొంది. కొన్ని పెరిగాయి. ఒకటి, తను గ్రూపంతా ఊదరగొట్టి మరీ కొన్నది, సున్నా అయింది. నెల రోజులు అందరూ ఆడుకున్నారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి తనమీద తనే జోకులేసుకుంది.

మగవాడినని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చేరిన రోజు ఎవరో "వెల్కమ్ బ్రో" అన్నారు. "థాంక్స్ బ్రో" అంది. ఆ తర్వాత చాలా ప్రశాంతంగా ఉంది. తలా ఒక వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో మగవాళ్ళు హాల్లో కూర్చుని మార్కెట్ గురించి మాట్లాడుతుంటే ఆమె వెళ్ళి ఒక మాట అంటే, అందరూ నవ్వి "ఇంకాస్త పులిహోర ఉందా వదినా?" అనేవారు. ఇక్కడ ఆ మాటే అంటే అరగంట వాదించేవారు. ఆ వాదన ఆమెకి ఇష్టం.

గ్రూపులో వినీత్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. సిద్దిపేట వాడు. మాస్టర్స్ అయిపోయి జెర్సీ సిటీలో మరో ముగ్గురితో ఒక గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాడు. గ్రూపులో గట్టిగా నవ్వేవాడు గానీ, బజ్జికి విడిగా మెసేజ్ పెట్టేవాడు. "అన్నా, ఇయ్యాల గూడ రిజెక్ట్ అయింది. బాత్రూమ్ల నల్లా ఇప్పి ఏడ్సిన." ఆమె ధైర్యం చెప్పేది. రెజ్యుమే పంపమని, తప్పులు దిద్ది పంపేది.

గ్రూపు పెట్టింది శ్యామ్‌సుందర్. అల్ఫారెట్టాలో ఇళ్ళు అమ్మిపెడతాడు. అక్కడ తెలుగువాళ్ళ ఏ ఫంక్షన్‌లోనైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన వేసవి మొదట్లో ఒక ప్రకటన చేశాడు. తనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి "మన కాయిన్" తెస్తున్నారు. తెలుగువాళ్ళ కోసం, తెలుగువాళ్ళు చేసిన క్రిప్టో కాయిన్. ఆదివారం జూమ్‌లో లాంచ్. గ్రూపంతా దండాలూ చప్పట్లూ.

బజ్జి మాత్రం, "శుభం. కొన్నాక అమ్ముకోవాలంటే ఎక్కడ అమ్ముకోవాలండీ?" అని రాసింది.

దానికి గ్రూపులో జవాబు రాలేదు. శ్యామ్‌సుందర్ నుంచి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "బజ్జి గారూ, మీ మాటకి ఇక్కడ వెయిట్ ఉంది. నాలుగు మంచి మాటలు రాయండి. మీ వాటా కాయిన్లు ఫ్రీగా వేయిస్తాను." ఆమె మళ్ళీ అదే ప్రశ్న పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం, డేకేర్ పార్కింగ్‌లో కారులో కూర్చుని లంచ్ తింటుంటే టెలిగ్రామ్‌లో కాల్ వచ్చింది.

"హలో" అంది.

అవతల శ్యామ్‌సుందర్. "నమస్తే అమ్మా. బజ్జి గారున్నారా? ఒకసారి మీ వారికి ఇస్తారా ఫోను?"

"మా వారికి క్రిప్టో తెలీదండీ. బజ్జి నేనే. నా పేరు రాధారాణి, బెంటన్‌విల్."

శ్యామ్‌సుందర్ పెద్దగా నవ్వాడు. "భలేవారే. ఇంతమందిని ఫూల్స్ చేశారే."

"నేనెవర్నీ చేయలేదు. బ్రో అన్నారు, పలికాను. అది సరే, అమ్ముకోవడం గురించి అడిగాను. మీరు చెప్పలేదు."

"ఇవన్నీ మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే చాలా టైమ్ పడుతుందమ్మా."

"పిల్లలు నిద్ర లేచేదాకా నాకు ఖాళీనే. చెప్పండి."

ఆయన గొంతులో నవ్వు పోయింది. "చూడండి, మంచి మాట రాస్తే రాయండి, లేకపోతే ఊరుకోండి. మీరెవరో గ్రూపుకి తెలిస్తే ఇబ్బంది మీకే."

"ఏం ఇబ్బందండీ?"

"మీకు తెలీదా?"

"తెలీదు. చెప్పేయండి, చూద్దాం" అని ఫోన్ పెట్టేసింది. డబ్బాలో పెరుగన్నం సగం మిగిలిపోయింది. అయినా తను అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సాయంత్రానికి ఆయన చెప్పేశాడు. "ఫ్రెండ్స్, చిన్న అప్‌డేట్. మన బజ్జి అన్న నిజానికి బజ్జి ఆంటీ. బెంటన్‌విల్‌లో రఘు గారి మిసెస్. ఆవిడ సలహాలు ఆ లెక్కలో తీసుకోండి." కింద మెసేజ్‌లు వరసకట్టాయి. వంటల గ్రూపు పక్క వీధిలో ఉందాంటీ అని ఒకరు. అంకుల్ పాస్‌వర్డ్ ఇచ్చారా అని ఒకరు. నిన్నటిదాకా ఆమె జోకులకి పడీపడీ నవ్వినవాళ్ళే.

"పాస్‌వర్డూ నాదే, పోగొట్టుకున్న డబ్బూ నాదే. నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు" అని రాసి ఫోన్ పక్కన పెట్టింది.

రఘు ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ కూర్చున్నాడు. "శ్యామ్‌సుందర్ తోడల్లుడు మా టీమ్‌లోనే ఉన్నాడు. వెళ్ళిపోయే ముందు నా డెస్క్ దగ్గరికొచ్చి, మీ మిసెస్ ఆన్‌లైన్‌లో మగాడిలా తిరుగుతున్నారటగా అన్నాడు. నాకేం చెప్పాలో తెలీలేదు."

"అవునని చెప్పాల్సింది."

"రాధా, మనకెందుకీ గొడవ? ఆ గ్రూపులోంచి వచ్చెయ్."

"నేను చేసిన తప్పేంటో చెప్పండి, వచ్చేస్తాను."

రఘు నిజంగానే ఆలోచించాడు. "తప్పని కాదు..."

"అయితే రాను."

ఆమెను కుదిపింది వినీత్ మెసేజ్. "అన్న అనుకొని అన్నీ చెప్పిన. ఏడ్సిన ముచ్చట గూడ చెప్పిన. ఒక్కసారన్న చెప్పలె మీరు." చాలాసేపు ఏవేవో టైప్ చేసి చెరిపేసింది. చివరికి, "నీకు మాత్రం చెప్పాల్సింది వినీత్. నువ్వు చెప్పినవి మా ఆయనకి కూడా తెలీవు, ఇకముందూ తెలియనివ్వను. ఒక్కటే అడుగుతాను, మన కాయిన్‌లో పెడుతున్నావా?" అని రాసింది.

"శ్యామ్ అంకుల్ తెలిసినోళ్ళ కంపెనీల జాబ్ చూస్తా అన్నడు. పెట్టకపోతే బాగుండదు."

"ఆదివారం నేను లైవ్‌లో అడుగుతాను. జవాబు విన్నాక పెట్టు."



ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కూతురు వేద ఫాయెట్‌విల్‌లో కాలేజీ నుంచి శనివారమే వచ్చింది. గ్రూపులో జరిగింది చూపిస్తే చదివి, "అమ్మా, నువ్వు వెళ్ళి మాట్లాడు. దే ఆర్ స్కేర్డ్ ఆఫ్ యూ" అంది. రఘు సోఫాలో కూర్చుని టీవీ సౌండ్ తగ్గించాడు.

శ్యామ్‌సుందర్ పట్టు కుర్తా వేసుకుని, వెనక బంగారు రంగు బ్యానర్ పెట్టుకుని కనిపించాడు. "ఈ దేశంలో మనల్ని ఎవరూ పైకి తేరు. మనల్ని మనమే తెచ్చుకోవాలి" అన్నాడు. ఏడాదిలో కాయిన్ ధర ఎక్కడికి వెళ్తుందో గీతలు చూపించాడు. అన్నీ పైకే వెళ్ళాయి. ప్రశ్నలుంటే అడగమన్నాడు.

రాధారాణి కెమెరా ఆన్ చేసింది. "నమస్తే అండీ. నా పేరు రాధారాణి. ఇన్నాళ్ళూ మీరంతా బజ్జి అన్న అని పిలిచింది నన్నే."

చాట్‌లో "హాయ్ ఆంటీ", "బజ్జీలేవి ఆంటీ" అని వచ్చాయి. ఆమె కళ్ళజోడు సర్దుకుని వాటిని పైకి చదివింది. "బజ్జీలు అయిపోయాయి బాబూ. ప్రశ్న ఒకటి మిగిలింది. శ్యామ్‌సుందర్ గారూ, ఈ కాయిన్లు మీ దగ్గర బోలెడున్నాయి కదా. అందులో ఒక్కటి, ఇప్పుడే, మా అందరి ముందు అమ్మి డాలర్లు చేసి చూపించండి. అది చూశాక నేనే మొదట కొంటాను."

"లాంచ్ రోజున అమ్మకం మాటేంటమ్మా? అశుభం."

"కొంటే శుభం, అమ్మితే అశుభమా?"

అంతలో ఆమె గొంతు అవతలివాళ్ళకి వినపడడం ఆగిపోయింది. మైకు ఆపేశారు. పెదాలు కదలడం మాత్రమే కనిపిస్తోంది. పక్కనున్న కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట చించి, వేద ఇచ్చిన మార్కర్‌తో "ఒక్కటి అమ్మి చూపించండి" అని పెద్ద అక్షరాలతో రాసి కెమెరా ముందు పట్టుకుంది. అట్ట పట్టుకుని ఉండగానే ఆమెను మీటింగ్‌లోంచి తీసేశారు.

"నా లాప్‌టాప్ తీస్కో అమ్మా. నా పేరు వాళ్ళకి తెలీదు" అంది వేద.

ఆ లాప్‌టాప్‌లో మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి శ్యామ్‌సుందర్ ఎవరి మీదో జోకేస్తున్నాడు. రాధారాణి మైకు మీద వేలు పెట్టింది. ఈలోపే ఇంకో గొంతు వినిపించింది.

"అంకుల్, నేను వినీత్. ఒక్కటి అమ్మి సూపియ్యుండ్రి. రెండు నిమిషాల పని గదా."

"నువ్వు కూడానా? నీ జాబ్ సంగతి నేను చూస్తున్నా కదయ్యా."

వినీత్ గొంతు సవరించుకోవడం అందరికీ వినిపించింది. "జాబ్ ముచ్చట జాబ్ కాడ అంకుల్. గిది సూపియ్యుండ్రి."

అప్పుడు చాట్‌లో ఒకతను, "అవును సార్, ఒకటి చూపించండి" అని రాశాడు. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. శ్యామ్‌సుందర్ ముందు సర్వర్ బిజీ అన్నాడు. తర్వాత, ఏడాదిదాకా ఎవరూ అమ్మకూడదనేది రూలు అన్నాడు. ఆ రూలు అప్పటిదాకా ఏ స్లయిడ్‌లోనూ లేదు. అడిగేవాళ్ళు ఆగకపోయేసరికి, టెక్నికల్ ప్రాబ్లమ్ అని మీటింగ్ ముగించాడు.

ఆ సాయంత్రం రాధారాణిని, వినీత్‌ని గ్రూపులోంచి తీసేశారు. అయినా కొంతమంది కొన్నారు. శ్యామ్‌సుందర్ ఇంటికి వెళ్ళి భోజనం చేసినవాళ్ళు, ఆయన ద్వారా ఇల్లు కొన్నవాళ్ళు, కాదనలేక కొన్నారు. చలికాలం వచ్చేసరికి ఆ సైటు తెరుచుకోవడం మానేసింది. మార్కెట్ బాగాలేదని ఆయన అందరికీ చెప్పాడు. మార్కెట్ ఆ వారం బాగానే ఉంది.

రాధారాణికి సంతోషం కలగలేదు. పోగొట్టుకున్నవాళ్ళలో తనతో ఏళ్ళ తరబడి వాదించినవాళ్ళున్నారు. కొందరు మెల్లగా మెసేజ్‌లు పెట్టారు. అందరూ కలిసి రాష్ట్ర అధికారులకి కంప్లయింట్ ఇమ్మని చెప్పి, ఎలా ఇవ్వాలో వెతికి పంపింది. క్షమించమని ఇద్దరే అన్నారు.

"శ్యామ్‌సుందర్ తోడల్లుడు మళ్ళీ నా దగ్గరికొచ్చాడు" అన్నాడు రఘు ఒకరోజు. "మీ మిసెస్‌కి డబ్బు వెనక్కొచ్చే దారేమైనా తెలుసా అని."

"మీరేమన్నారు?"

"ఆవిడనే అడగమని నంబరిచ్చాను."

వినీత్‌కి శ్యామ్‌సుందర్ చెప్పిన ఉద్యోగం రాలేదు. ఆ మనిషి చెప్పిన కంపెనీ కూడా ఎక్కడా కనబడలేదు. వసంతంలో డెలవేర్‌లో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్ట్ దొరికింది. జీతం తక్కువే. చేరిన వారంలోనే కొత్త గ్రూపు పెట్టి, మొదట రాధారాణిని చేర్చాడు. "అక్కా, ఇక్కడ నీ పేరుతోనే ఉండు" అన్నాడు. ఉంది. జోకులు అలాగే నడిచాయి. కొందరు ఆమెతో వాదించడం మానేసి మరీ మర్యాదగా మాట్లాడడం మొదలుపెడితే, "మర్యాద తర్వాత, నేనన్నది తప్పేమో చెప్పు" అని గిల్లి మళ్ళీ వాదనలోకి లాగేది.

ఒక శనివారం ఉదయం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అల్ఫారెట్టా నుంచి రేణు అట. కొత్త గ్రూపులో భర్త పేరుతో ఉన్న అకౌంట్ ఆమెదే. అందులో ఎవరో బిట్‌కాయిన్లు సంపాదించిపెట్టే మైనింగ్ మెషీన్లని అద్దెకిస్తామని చెబుతున్నారు, సాయంత్రం వీడియో మీటింగ్ ఉంది.

"నాకో డౌట్ ఉందండీ. మీరడుగుతారా?" అంది రేణు.

"డౌట్ మీది. మీరే అడగండి."

"నవ్వుతారేమో."

"నవ్వుతారు" అంది రాధారాణి. "నన్ను చూసీ నవ్వారు. మీరు నవ్వు అయిపోయేదాకా ఆగి, మళ్ళీ అదే అడగండి. నేను మీటింగ్‌లోనే ఉంటాను."

అవతల రేణు కాగితం కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. "సరే, మీకొకసారి అడిగి చూపిస్తాను. ఎలా ఉందో చెప్పండి" అంది. రాధారాణి స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంది.