ఎంతసేపు ఆగుతారో

మెక్సికో నగరంలో, మా పేట పార్కులో ప్రతి ఆదివారం భూకంప సహాయక శిక్షణ ఇస్తుంటాను. అదెక్కడ నేర్పుతారని ఫైర్ స్టేషన్లో, చర్చిలో, చివరికి మందుల షాపులో కూడా అడిగి ఎవరిస్తో అనే తాత ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. వయసు చూసి, చెక్కల గుట్ట కింద చిక్కుకున్న మనిషి వేషం ఇచ్చాను.

శిథిలాల మీద ఒకరు పిడికిలి పైకెత్తితే అందరూ ఎత్తాలి, కిందినుంచి చప్పుడేమైనా వినబడేలా నోళ్లు మూసుకోవాలి. "వినిపిస్తే తట్టండి!" అని నేను అరుస్తాను. కిందున్న మనిషి రాయితో తట్టాలి.

తాత తట్టలేదు. మళ్లీ అరిచాను. ఊహూఁ. పిడికిళ్లు దించి, చెక్కలు లాగి చూస్తే కళ్లు తెరుచుకునే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం తాతా, నిద్రపోయావా? ఇంతమందిమి ఎండలో నిలబడింది నీకోసమేగా!"

"తట్టకపోతే ఎంతసేపు ఆగుతారో చూద్దామనమ్మా."

"ఎందుకట?"

"మా బిల్డింగు కూలిన భూకంపం రోజు మా ఆవిడ ఒఫీలియా లోపల్నించి తడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపు చూసి, కాపాడ్డానికొచ్చినవాళ్లు పిడికిళ్లు దించేసి పక్క బిల్డింగుకి పోయారు. అలిసిపోయి కాస్త ఆగిందేమో. మళ్లీ తట్టేదేమో."

తాత మళ్లీ చెక్కల కిందికి దూరి పడుకున్నాడు.

"ఇంకొక్కసారి అడుగమ్మా."

పిడికిలి ఎత్తాను. అందరూ ఎత్తారు. పిలిచాను. ఆయన తట్టలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. పిడికిలి దించడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు.