తూటాల తొడుగు

తోలు తొడుగును తుపాకీ బట్టు మీదికి, అదే భుజానికి ఆనించే చెక్క మీదికి, మెలితిప్పుతూ ఎక్కించి, అంచున ఉన్న తాడు బిగించి, గన్‌మ్యాన్ ఓసారి గట్టిగా గుంజి చూశాడు. కదల్లేదు. లోపల అతికించిన పాత సైకిల్ ట్యూబు చెక్కను జలగలా పట్టుకుంది. తుపాకీ ఖాళీగానే ఉంది. తొడుగు మీది గూళ్లలో మాత్రం ఎర్రని తూటాలు ఒక్కొక్కటే దిగాయి. బట్టును తలకిందులు చేసి, దుప్పటి దులిపినట్టు దులిపాడు. ఒక్కటీ రాలలేదు.

“చూశావా! వీటికి నేనంటే ఎంత ప్రేమో!” అని అరిచాడు.

“ముందు లుంగీ బిగించుకోండి, అదే జారేట్టుంది” అంది భార్య, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

బ్యాంకు గుమ్మం ముందు జీవితమంతా నిలబడిన మనిషి. ఆ తుపాకీని దొంగ మీద ఎత్తే అవసరం ఎన్నడూ రాలేదు. అయినా ఏటా పరీక్ష తప్పదు. జంట గొట్టాలు పేల్చి, తుపాకీని నడుమ దగ్గర వంచి తెరిచి, మళ్లీ తూటాలు నింపి, ఈల పడేలోగా మళ్లీ పేల్చాలి. పోయిన ఏడు బెల్టులోంచి తూటాలు తియ్యబోతే, బొజ్జ అడ్డమొచ్చి అవి కంటికే కనపడలేదు. మొద్దుబారిన వేళ్లతో తడుముకుంటుంటే ఒకటి జారి పరీక్షాధికారి కుర్చీ కిందికి దొర్లింది. ఈసారీ అలాగే అయితే తుపాకీ తీసేసుకుని, చేతికో కర్రిచ్చి సైకిళ్ల దగ్గర నిలబెడతామన్నారు. ఆ మాట తలుచుకుంటే చాలు, ఆయనకు ముద్ద దిగేది కాదు. తూటాలు కళ్లెదుటే, బట్టు మీదే ఉంటే పోలా అని తట్టిన రోజున మాత్రం చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

సంచులు కుట్టే భార్య పాత తోలు పెట్టెను కోసి పనిలోకి దిగింది. గూళ్లు వదులైతే తూటాలు రాలతాయి, బిగువైతే రానంటాయి. తోలు తడిపి, తూటా మందమున్న కొవ్వొత్తి ముక్కలు గుచ్చి ఆరబెట్టింది. అలా కుదిరింది కొలత.

ఇప్పుడు హుషారుగా తుపాకీ భుజానికి ఆనించి, చెంప వాల్చాడు. వెంటనే “అబ్బా!” అన్నాడు. తూటాల ఇత్తడి అడుగులు బుగ్గలో గుచ్చుకున్నాయి.

గూళ్లు ఉండాల్సింది బయటి పక్క. ఉన్నది చెంప పక్క.

భార్య నాలుక కరుచుకుంది. “కొలత తీసేటప్పుడు నాకెదురుగా నిలబడ్డారు కదండీ! మీ కుడి నాకు ఎడమైపోయింది. సంచులకు ఈ గోల లేదు.”

“పరీక్షకు పోయే బస్సు వచ్చేస్తుందే!”

“వస్తే రానివ్వండి. ఇలా ఇవ్వండి ముందు.”

బ్లేడుతో కుట్లు తెంపింది. గూళ్ల పట్టీని అటుపక్కకు తిప్పి మిషను తొక్కింది. సూది పుటుక్కున విరిగింది. దబ్బనం అందుకుని, దారానికి మైనం రాసి, పళ్లు బిగించి చేత్తోనే లాగడం మొదలుపెట్టింది. ఆయన ప్యాంటు తొడుక్కుని, కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ మిషనుకీ మధ్య తిరిగాడు. ఆఖరి ముడి పడగానే తొడుగు లాక్కుని, తుపాకీ, తూటాలు అందుకుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వీధిలోకి పరుగెత్తాడు. బస్సు కదిలిపోతుంటే కండక్టరు చెయ్యిచ్చి పైకి లాగాడు.

మైదానంలో పరీక్షాధికారి నవ్వాడు. “ఏం బాబాయ్, ఈసారి కుర్చీ కాస్త దూరంగా వేయించుకోనా?”

“మీ ఇష్టం సార్. నా తూటాలు మాత్రం నన్నొదిలి రావు.”

ఈల మోగింది. రెండు తూటాలు పేలాయి. భుజం అదిరింది గానీ తొడుగు వీసమెత్తు జరగలేదు. తుపాకీని వంచి తెరిచి, తొడుగులోని తూటాను బొటనవేలితో కింద నుంచి నెట్టాడు. అది దానంతట అదే చేతిలోకి వచ్చింది. దాని వెంటే రెండోది. గొట్టాల్లోకి జారాయి, తుపాకీ మూసుకుంది, మళ్లీ పేలాయి. ఆ తరవాత చాలాసేపటికి గానీ రెండో ఈల పడలేదు. అధికారి తొడుగును అటూ ఇటూ తిప్పి చూసి, “ఎవరు కుట్టారు?” అన్నాడు.

“మా ఆవిడే సార్!” ఆ అరుపు మైదానం చివరిదాకా వినిపించింది.

ఇంటికొచ్చేసరికి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు, తుపాకీ బరువన్నాడు. మంచినీళ్లు తాగుతూ, పొలమారుతూ, ఈల దగ్గర నుంచి ఈల దాకా అంతా చెప్పాడు. ఆమె నవ్వలేక నవ్వలేక కళ్లు తుడుచుకుంది. జేబులోంచి మడతపెట్టిన గురికాగితం తీశాడు. నిండా చిల్లులు.

“గోడకు పెట్టవే. నాకు కుర్చీలోంచి కనపడాలి.”

ఆమె స్టూలెక్కి, కాగితం పైమూలన ఒక మేకు దించింది. రెండోది పళ్ల మధ్య పట్టుకుని, వెనక్కి చూడకుండానే అడిగింది. “సరిగ్గా ఉందా? ఇంకాస్త పైకి జరపనా?”

కాగితాన్ని అరచేత్తో గోడకు అదిమి పట్టుకుంది.

“చెప్పండీ, చెయ్యి నొప్పెడుతోంది.”

తిరిగి చూసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పెదాల మీద ఆ నవ్వుతోనే, గోడ వైపే తిరిగి ఉన్నాడు. ఆమె నోట్లోంచి మేకు జారిపడింది. స్టూలు దిగి, చెంప మీద చెయ్యి వేసి, పిలిచింది, మళ్లీ పిలిచింది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో ఆయన నాడి చూసి, కళ్లు మూశారు. ఎవరో ఆమెను పట్టుకుని కూర్చోబెట్టారు, ఎవరో కిటికీ తెరిచారు. గోడ మీద చిల్లుల కాగితం, ఒక్క మేకుకే వేలాడుతూ, గాలికి మెల్లగా కదులుతోంది.