మంచుకొండకి నూలు చొక్కా

మా ఆయన రామలింగం గారికి దేవుడి మీద కన్నా నూలు మీద నమ్మకం ఎక్కువ. బెజవాడ గవర్నర్‌పేటలో మా చేనేత బట్టల కొట్టు మొదలుపెట్టిన నాటి నుంచి పాలిస్టర్ కలిసిన గుడ్డ ఒక్కటి కూడా అమ్మలేదు. వానాకాలంలో నాకొక రెయిన్‌కోటు కొనిపించుకోవడానికి ఆయనతో మాట్లాడటం మానేయాల్సి వచ్చింది.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని మంచుకొండ ఎక్కాలనుకోవడం నా తెలివితక్కువే కావచ్చు. కానీ నాకు మంచు చూడాలని ఉంది. అదీ ఆయన పక్కన నిలబడి చూడాలని ఉంది. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి వెళ్ళిన ఊళ్ళన్నీ సరుకు కోసం వెళ్ళినవే. మా అన్నయ్య కూతురు రాజ్యశ్రీ ఏటా చలికాలంలో కొంతమందిని ఉత్తరాఖండ్ కొండల మీదికి నడిపించుకుని వెళ్తుంది. ఈసారి మా ఇద్దరి పేర్లూ రాసుకుంది. ఆయన సరేనన్నారు కూడా. చిక్కంతా బట్టల దగ్గర వచ్చింది.

"ఒంటికి తగిలేది ఒక్కటి కూడా కాటన్ ఉండకూడదు మావయ్యా, బనీనుతో సహా," అంది రాజ్యశ్రీ మా ఇంటికొచ్చి. "ఎక్కేటప్పుడు చెమట పోస్తుంది. కాటన్ ఆ తడిని పట్టుకుని వదలదు. ఆగామా, గాలి కొడుతుంది. అక్కడ మంచు కన్నా గాలితోనే భయం, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. పొద్దున ఎండ కాసిందిలే అనుకుంటే మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. తడిబట్టలతో ఉన్నవాళ్ళకి ముందు వణుకు, తర్వాత మాట తడబడుతుంది, ఆ తర్వాత కాళ్ళు."

"చాల్లేవే. మా కొట్లో కాటన్ కొని చలికి పోయినవాడెవడూ లేడు."

"మీ కొట్లో మంచు పడదుగా మావయ్యా! ఉన్ని వేసుకోండి, పాలిస్టర్ వేసుకోండి. కాటనే అంటే మాత్రం మిమ్మల్ని తీసుకెళ్ళను. అత్తయ్య ఒక్కతే వస్తుంది."

"అయితే మీ అత్తయ్యనే తీసుకెళ్ళు," అనేశారు ఆయన, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఎంత తేలిగ్గా అనేశారో! నాకు ఒళ్ళు మండింది. ఆయన అటు వెళ్ళాక మనసు చివుక్కుమంది.

ఆదివారం, కొండ నడక అలవాటు కావాలని, ప్రయాణానికి పేర్లిచ్చిన అందరినీ కొండపల్లి కోట దాకా ఎక్కించింది రాజ్యశ్రీ. ఆయన్ని కూడా బతిమాలి తీసుకొచ్చింది. ఆ పొద్దున పొగమంచుకి కొండే కాదు, పక్కనున్న కరెంటు స్టేషన్ పొగగొట్టాలు కూడా కనపడలేదు. "దారి కనపడేదాకా కదిలేది లేదు," అని అందరినీ కిందే కూర్చోబెట్టింది. మా ఆయన గొణుగుతూనే ఉన్నారు. మంచు పలచబడ్డాక బయల్దేరాం. నేను రాజ్యశ్రీ ఇచ్చిన పొడుగు చేతుల పాలిస్టర్ టీషర్టు వేసుకున్నాను. ఆయన ఒంటి మీద మా కొట్టు నూలు చొక్కా. పంతానికి అందరికన్నా ముందు నడిచారు.

పైకి చేరి కోటగోడ దగ్గర నిలబడ్డామో లేదో ఉత్తరపు గాలి మొదలైంది. సూర్యుడింకా మబ్బులోనే ఉన్నాడు. ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"చలేస్తోందా అండీ?"

"లేదే," అన్నారు. ఆ రెండక్షరాలకే పళ్ళు టకటకమన్నాయి.

ముందు నవ్వొచ్చింది. పెదవులు కూడా వణుకుతుంటే నా నవ్వు పోయింది. బెజవాడ పక్కనే ఇలా ఉంటే ఆ మంచులో ఈ మనిషి ఏమైపోతారు?

"ఇది పట్టుకుని చూడండి," అని నా చెయ్యి ముందుకు చాపాను.

ఎంత గొప్ప మిల్లు పేరు అంటించి ఉన్నా, గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తే గానీ ఆయన నమ్మరు. నా చేతి గుడ్డని నలిపారు. తర్వాత తన చొక్కా నలుపుకున్నారు. మళ్ళీ నాది.

"నీకు చెమట పట్టలేదా?"

"పట్టకేం! కారిపోయింది. ఆరిపోయింది కూడా."

రాజ్యశ్రీ తన జాకెట్ తెచ్చి కప్పితే ఆయన వద్దనలేదు. దిగేటప్పుడూ మాట్లాడలేదు, ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. పదిమందిలో పరువు పోయిందని ప్రయాణమే మానేస్తారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

మర్నాడు కొట్లో గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుని ఉండగా కంకిపాడు నుంచి హనుమయ్య గారు వచ్చారు. మాకు పాత ఖాతాదారు.

"మావాడు కాలేజీ వాళ్ళతో మనాలి వెళ్తున్నాడండీ. కొండలెక్కిస్తారంట. మందపాటి కాటన్ చొక్కాలు, బనీన్లు ఇవ్వండి. ఎంతైనా మన నూలు మన నూలే కదండీ!"

మా ఆయన చొక్కాలు దించి బల్ల మీద పెట్టారు. వాటి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు.

"ఇవి ఇవ్వనండీ," అన్నారు చివరికి.

"అదేంటండీ! స్టాకు లేదా?"

"ఉందండీ. మంచులోకి వెళ్ళే పిల్లాడికి మాత్రం ఇవ్వను. చెమట పడితే ఇవి ఆరవు. నిన్న కొండపల్లిలోనే నాకు వణుకొచ్చింది, ఇక మనాలి సంగతి చెప్పాలా? రండి, ఎదురుగా గోపీనాథ్ కొట్టుంది. నేనూ వస్తాను."

హనుమయ్య గారు నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. వాళ్ళిద్దరూ రోడ్డు దాటి ఆటల బట్టలమ్మే గోపీనాథ్ కొట్లోకి వెళ్ళారు. నా కుర్చీలోంచి అంతా కనపడుతూనే ఉంది. పాపం గోపీనాథ్ చేత అరలన్నీ ఖాళీ చేయించారు. ఒక్కొక్కటీ నలిపి చూస్తారు, తిరగేసి కుట్టు తడుముతారు, పక్కన పడేస్తారు.

హనుమయ్య గారిని సాగనంపి, చేతిలో రెండు పొట్లాలతో తిరిగొచ్చారు. ఒకటి నా ముందు పెట్టారు.

"నీది ఒక సైజు పెద్దది తీసుకున్నా. లోపల ఇంకో పొర వేసుకోవాలని చెప్పిందిగా మీ పిల్ల."

"మరి రెండోది?"

"నాది. నిన్నొక్కదాన్నీ పంపించేస్తాననుకున్నావా?"

"అనుకున్నానండీ," అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది.